ఎనభై పైసల లెక్క: ఒక వాదోపవాదం

2022 మార్చి 22 నుంచి ఏప్రిల్ 6 వరకు, పదహారు రోజుల్లో పద్నాలుగు సార్లు పెట్రోలు, డీజిల్ ధరలు పెరిగాయి. అంతకుముందు 137 రోజుల పాటు అవి ఒక్క పైసా కదలలేదు. హైదరాబాదులో లీటరు పెట్రోలు 108.20 రూపాయల నుంచి 119.49కి, డీజిల్ 94.62 నుంచి 105.49కి చేరింది. ఏప్రిల్ 9 నుంచి తెలంగాణ ఆర్టీసీ కూడా టికెట్టు మీద డీజిల్ సెస్సు వేసింది. ఆ మర్నాడు శ్రీరామనవమి. అల్వాల్‌లో ఒకే ఇంట్లో పై వాటాలో ఒకరు, కింది వాటాలో ఒకరు ఉంటున్న ఇద్దరు, పానకం గ్లాసులు పక్కన పెట్టుకొని సాగించిన వాదంగా దీన్ని రాస్తున్నాను. ఒకరు వంటిమామిడి నుంచి బోయినపల్లి మార్కెట్టుకు కూరగాయలు తోలే డీసీఎం వ్యాను యజమాని, డ్రైవరూ ఆయనే. మరొకరు వాణిజ్య పన్నుల శాఖలో పనిచేసి రిటైరైన అధికారి. నా మొగ్గు వ్యాను యజమాని వైపే. అయితే అధికారి మాటల్లో బలమున్న చోట దాన్ని తగ్గించి రాయలేదు, ఎందుకంటే ఆ మాటలకు జవాబు చెప్పలేకపోతే మన కోపానికి విలువ ఉండదు.

వ్యాను యజమాని: సార్, మొన్న రాత్రి బంకులో నా ముందు ఆర్టీసీ బస్సు నిలబడి ఉంది. డిపోలోనే సొంత బంకు ఉన్న సంస్థ బయటి బంకుకు ఎందుకొచ్చిందని అడిగితే, టోకున కొనేవాళ్లకు డీజిల్ ధర మార్చిలో ఒకేసారి లీటరుకు 25 రూపాయలు పెంచారని డ్రైవరు చెప్పాడు. అంత పెద్ద సంస్థే చిల్లరకు కొనుక్కోవలసి వస్తే, ఒక్క బండి మీద బతికే నేను ఎవరికి చెప్పుకోవాలి? నాకు రోజుకు ఇరవై లీటర్లు పడుతుంది. లీటరుకు 10.87 పెరిగిందంటే రోజుకు 217 రూపాయలు, నెలకు ఇరవై ఆరు రోజులు తిప్పినా ఐదు వేల ఆరు వందలు దాటుతుంది. నా చిన్నకూతురి బడి ఫీజు ఇంతకంటే తక్కువ.

అధికారి: నీ బాధ నిజం తమ్ముడూ, నేను కాదనను. కానీ ధర ఎందుకు పెరిగిందో కూడా చూడాలి. మనం వాడే ముడి చమురులో నూటికి ఎనభై ఐదు వంతులు బయటి దేశాల నుంచే వస్తోంది. నవంబరులో పీపా ఎనభై డాలర్ల దగ్గర ఉండేది. ఫిబ్రవరి 24న ఉక్రెయిన్ మీద యుద్ధం మొదలయ్యాక మార్చిలో ఒక దశలో 139 డాలర్లను తాకింది. ఆ డాలర్లు మన ప్రభుత్వం ముద్రించుకునేవి కావు. శ్రీలంకలో ఈ రోజు ఏం జరుగుతోందో రోజూ చూస్తున్నాం కదా: చమురు కొనడానికి డాలర్లు లేక బంకుల ముందు జనం గంటల కొద్దీ నిలబడుతున్నారు, రోజుకు పదమూడు గంటలు కరెంటు పోయిన రోజులూ ఉన్నాయి. చేతిలో డాలర్లు లేకుండా ధర తగ్గించి పెట్టినంత మాత్రాన బంకులోకి చమురు రాదు.

వ్యాను యజమాని: యుద్ధం వచ్చింది, ధర పెరిగింది అంటే ఒప్పుకుంటాను సార్. నేను అడిగేది వేరు. యుద్ధం ఫిబ్రవరి 24న మొదలైంది. ధరలు మార్చి 22న కదిలాయి. మధ్యలో మార్చి 10న ఐదు రాష్ట్రాల ఎన్నికల ఫలితాలు వచ్చాయి. రోజూ మార్కెట్టును బట్టి ధర మారుతుందని 2017 జూన్ 16న దేశమంతటా పద్ధతి పెట్టారు. అంతకు ముందు నెలన్నర పాటు ప్రయోగంగా చూసిన ఐదు ఊళ్లలో మన విశాఖపట్నం కూడా ఉంది. అలాంటి మార్కెట్టు 137 రోజులు నిద్రపోయి, ఓట్ల లెక్కింపు అయ్యాక లేస్తే దాన్ని మార్కెట్టు అని ఎలా అనమంటారు?

అధికారి: ఆ విషయంలో నీతో నాకు పేచీ లేదు. ధర రోజూ కదిలి ఉంటే డిసెంబరులో కొంత తగ్గేది, ఫిబ్రవరిలో కొంత పెరిగేది, నీకూ సర్దుకునే వ్యవధి దొరికేది. ఆపడమే తప్పు. కానీ గమనించు, అది నా వాదానికే బలం. ధరను రాజకీయాల చేతిలో పెడితే జరిగేది ఇదే. పెట్రోలు ధరను 2010 జూన్‌లో, డీజిల్ ధరను 2014 అక్టోబరులో ప్రభుత్వం పట్టు నుంచి వదిలించినది అందుకే. అంతకు ముందు కంపెనీల నష్టం పూడ్చడానికి ఆయిల్ బాండ్లు, అంటే తర్వాత తీరుస్తామనే అప్పు పత్రాలు ఇచ్చారు, వాటి అప్పు సుమారు లక్షా ఇరవై వేల కోట్లు ఇంకా మన నెత్తి మీదే ఉంది. ఆ రోజు చౌకగా కార్లు నడిపినవాళ్ల బాకీని ఈ రోజు నువ్వు తీరుస్తున్నావు.

వ్యాను యజమాని: బాండ్ల మాట టీవీలో కూడా చాలాసార్లు విన్నాను. వాటి మీద ఏటా కట్టే వడ్డీ సుమారు పది వేల కోట్లు. 2020-21లో పెట్రోలియం మీద కేంద్రం వసూలు చేసిన ఎక్సైజు సుంకం సుమారు 3.7 లక్షల కోట్లు. పది వేల కోట్ల బాకీని చూపించి అంత వసూలును సమర్థిస్తే ఎలా? పైగా ఆ సంవత్సరం ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. 2020 ఏప్రిల్‌లో ముడి చమురు ఇరవై డాలర్ల దగ్గరికి పడిపోయింది. లాక్‌డౌన్‌లో బండి ఇంటి ముందు నిలబడి ఉంది, బ్యాంకు వాయిదా మాత్రం నిలబడలేదు. కనీసం మళ్లీ రోడ్డెక్కేసరికి డీజిల్ తగ్గుతుందనుకున్నాను. మార్చి 14న లీటరుకు మూడు రూపాయలు, మే 6న డీజిల్ మీద మరో పదమూడు రూపాయలు సుంకం వేశారు. తగ్గవలసినదంతా వాళ్లే తీసుకున్నారు. ఇప్పుడు పెరిగింది కాబట్టి ప్రపంచ ధరలు అంటున్నారు. పెరిగితే నాకు, తగ్గితే ఖజానాకు అనే ఒప్పందం మీద నేను ఎప్పుడూ సంతకం పెట్టలేదు.

(ఇక్కడ అధికారి కొంతసేపు మాట్లాడలేదు. ఈ వాదం మొత్తంలో ఎదురు లేని మాట ఇదేనని నేను అనుకుంటున్నాను. ప్రజల కోపం అసలు ధర మీద కంటే ఈ ఒకవైపు లెక్క మీదే ఎక్కువ.)

అధికారి: కరోనా కాలంలో మిగిలిన పన్నులన్నీ ఎండిపోయాయి. ఉచిత బియ్యం, టీకాలు, ఆసుపత్రులు, వీటికి ఎక్కడి నుంచో తేవాలి. ధర పెంచకుండా, పడిపోయిన ధరకూ పాత ధరకూ మధ్య తేడాను తీసుకోవడం అన్నిటికంటే నొప్పి తక్కువ మార్గమని అనుకున్నారు. చమురు మళ్లీ పెరిగినప్పుడు ఆ సుంకాన్ని అదే వేగంతో వెనక్కి తీసుకోలేదన్నది నిజమే. పదహారు వేసి, నిరుడు నవంబరు 4న డీజిల్ మీద పది తగ్గించారు. అందులోనూ ఒక మెలిక ఉంది, నా ఉద్యోగమంతా అదే కాబట్టి చెబుతున్నాను. ఈ రోజు డీజిల్ మీద కేంద్ర సుంకం 21.80 రూపాయలు. అందులో రాష్ట్రాలకు వాటా పంచవలసిన మూల సుంకం 1.80 మాత్రమే. మిగిలిన ఇరవై రూపాయలు ప్రత్యేక సుంకం, రోడ్ల సెస్సు, వ్యవసాయ సెస్సు పేర్లతో పూర్తిగా కేంద్రం దగ్గరే ఉండిపోతాయి. మా రాష్ట్రాన్ని అడిగే ముందు ఆ సంగతి కూడా అడగాలి.

వ్యాను యజమాని: అడుగుతాను. కానీ రాష్ట్రాన్ని అడగకుండా వదలను సార్. ఢిల్లీలో ఈ పదహారు రోజుల్లో పెట్రోలు సరిగ్గా పది రూపాయలు పెరిగింది. ఇక్కడ 11.29 పెరిగింది. తేడా ఎక్కడి నుంచి వచ్చింది?

అధికారి: రాష్ట్రం వేసే అమ్మకపు పన్ను, వ్యాట్, ధర మీద శాతంగా ఉంటుంది. మనకు పెట్రోలు మీద 35.20, డీజిల్ మీద 27 శాతం. 2015లో పెంచిన తర్వాత ఆ రేటు మార్చలేదు.

వ్యాను యజమాని: రేటు మారలేదు, రూపాయలు మారాయి. నా డీజిల్ మీద పెరిగిన 10.87లో రెండు రూపాయల ముప్పై పైసలు వ్యాటే. యుద్ధం ఉక్రెయిన్‌లో జరిగితే, ఏ నిర్ణయమూ తీసుకోకుండానే మన ఖజానాకు లీటరుకు రెండు రూపాయలకు పైగా అదనంగా చేరింది. నవంబరులో కర్ణాటక తన పన్ను తగ్గించింది. ఈ రోజు బెంగళూరులో డీజిల్ 94.79. జహీరాబాదు దాటి బీదర్ వైపు వెళ్లే లారీవాళ్లు అక్కడే ట్యాంకు నింపుకొని వస్తున్నారు. మనవాళ్లు మాత్రం, మేం పెంచలేదు కాబట్టి తగ్గించేది లేదన్నారు. పెంచకుండానే పెరిగినదాన్ని వదులుకోవడానికి ఏం అడ్డం?

అధికారి: అడ్డం ఉంది. జీఎస్టీ వచ్చాక రాష్ట్రం తన చేత్తో రేటు వేయగలిగినవి పెట్రోలు, డీజిల్, మద్యం, రిజిస్ట్రేషన్లు, బండి పన్ను, ఇలా వేళ్ల మీద లెక్కపెట్టేవే మిగిలాయి. నీ ఊళ్లో రైతుబంధు, పొలానికి ఉచిత కరెంటు, ముసలివాళ్ల పింఛను, ఇవన్నీ ఆ డబ్బులోంచే వెళ్లాలి. పెట్రోలును జీఎస్టీలోకి తెమ్మంటారు. నిరుడు సెప్టెంబరు 17న లక్నోలో జీఎస్టీ కౌన్సిల్ ముందుకు ఆ మాట వచ్చింది, ఇది సమయం కాదని తేల్చారు. జీఎస్టీలో పై శ్లాబు 28 శాతం. ఇప్పుడు కేంద్రం, రాష్ట్రం కలిపి తీసుకుంటున్నది దానికి రెండు రెట్లకు పైనే. ఆ లోటు పూడ్చే దారి ఎవరూ చెప్పడం లేదు. ఇంకొక మాట: లీటరుకు ఐదు రూపాయలు తగ్గిస్తే నెలకు వంద లీటర్లు కొట్టించే పెద్ద కారు యజమానికి ఐదు వందలు మిగులుతాయి, ఐదు లీటర్ల స్కూటరువాడికి పాతిక. ఇది ఎవరికి సాయం?

వ్యాను యజమాని: కారు లెక్క మీరు చెప్పారు, నేను టమాటా లెక్క చెబుతాను. నా బండిలో నూట యాభై ట్రేలు పడతాయి. 217 రూపాయలు రాబట్టాలంటే ట్రేకు దాదాపు రూపాయిన్నర కిరాయి పెంచాలి. రైతును అడిగితే, ఆ రోజు టమాటా ధర ఎంత పలుకుతుందో తనకే తెలియదంటాడు. కమీషన్ ఏజెంటును అడిగితే, పక్క బండివాడు పాత కిరాయికే వస్తున్నాడంటాడు. పక్క బండివాడూ నాలాగే మొదట ఎవరు అడుగుతారా అని చూస్తున్నాడు. అసలు ఎప్పుడు అడగాలి సార్? ఒక రోజు పది రూపాయలు పెరిగితే అందరం కలిసి బండ్లు ఆపి కూర్చుంటాం. పొద్దున్నే ఎనభై పైసలు పెరిగితే ఎవరితో గొడవ పడాలి? ఎనభై పైసలకు కిరాయి పెంచమంటే నవ్వుతారు. మర్నాడు మళ్లీ ఎనభై పైసలు. పదహారో రోజుకు చూసుకుంటే పది రూపాయల ఎనభై ఏడు పైసలు నా జేబులోంచి పోయాయి, అడిగే సందర్భం మాత్రం ఒక్క రోజూ రాలేదు. ఆర్టీసీకి సెస్సు వేసే అధికారం ఉంది. హోటలువాడు ఇడ్లీ బోర్డు మీద కొత్త అంకె అంటించుకుంటాడు. ధరను ఇంకొకరి మీదికి నెట్టగలిగినవాళ్లు నెట్టేశారు, నెట్టలేనివాళ్ల దగ్గర అది ఆగిపోయింది. నా దగ్గర, స్విగ్గీ కుర్రాడి దగ్గర, మీటరు మీద నడిచే ఆటోవాడి దగ్గర. మీరు పెద్ద కారును చూపించి, మా పన్నును సమర్థిస్తున్నారు.

అధికారి: (కొంచెం ఆగి) ఇది నేను ఈ కోణంలో ఆలోచించలేదు. చిన్న చిన్న మార్పులు ప్రజలకు మేలు అనే మేము చెబుతూ వచ్చాం. కిరాయి మాట్లాడుకునే శక్తి ఉన్నవాడికే అది మేలన్నమాట. సరే, నీ కోరిక ఏమిటి? ధర తగ్గించడమా, పన్ను తీసేయడమా?

వ్యాను యజమాని: పన్ను తీసేయమని నేను అడగలేదు. రోడ్డు మీద బతికేవాణ్ని, రోడ్డుకు డబ్బు కావాలని నాకు తెలుసు. పన్నును శాతంలో కాకుండా లీటరుకు ఇన్ని రూపాయలని వేయండి. ప్రపంచంలో ఎక్కడో ధర మండితే, దాని మీద ఇక్కడ ఇంకొంత మంట పెట్టకండి.

అధికారి: రూపాయల్లో వేస్తే, అన్ని ఖర్చులూ పెరిగే కొద్దీ ఆ పన్ను విలువ తరిగిపోతుంది. అప్పుడు ప్రతి ఏటా శాసనసభలో పెంచవలసి వస్తుంది.

వ్యాను యజమాని: పెంచనివ్వండి. సభలో చెప్పి పెంచితే ఎవరు పెంచారో నాకు తెలుస్తుంది. ఇప్పుడు కేంద్రాన్ని అడిగితే రాష్ట్రాన్ని చూపిస్తారు, రాష్ట్రాన్ని అడిగితే కేంద్రాన్ని చూపిస్తారు, ఇద్దరినీ కలిపి అడిగితే ఉక్రెయిన్‌ను చూపిస్తారు.

అధికారి: ఒక మధ్యే మార్గానికి నేను ఒప్పుకుంటాను. ఒక స్థాయి వరకు శాతం ఉండనీ, ధర ఆ స్థాయి దాటితే పై మొత్తం మీద వ్యాట్ వద్దు. బడ్జెట్టులో వేసుకున్న అంచనాకు మించి వచ్చినదాన్ని వదులుకుంటే ఏ పథకమూ ఆగదు. ఉద్యోగంలో ఉండగా ఈ మాట అని ఉంటే మా పై అధికారి నన్ను చూసే చూపు వేరుగా ఉండేది, అయినా ఇప్పుడు చెబుతున్నాను. నీ దగ్గర బంకు బిల్లు ఉందా?

(వ్యాను యజమాని చొక్కా జేబులోంచి రెండు మడతల చీటీ తీసి ఇచ్చాడు. సగం అక్షరాలు అప్పటికే వెలిసిపోయాయి. అధికారి కళ్లద్దాలు సర్దుకొని దాన్ని వెలుతురుకు పట్టుకున్నారు.)

అధికారి: ఇరవై లీటర్లు, రేటు 105.49, మొత్తం 2,109 రూపాయల 80 పైసలు. ఇందులో కేంద్రానికి 436 రూపాయలు, రాష్ట్రానికి దాదాపు 450. చీటీ మీద ఆ రెండు అంకెలూ లేవు. వ్యాట్‌ను డిపోలోనే, మొదటి అమ్మకం దగ్గరే, కంపెనీల నుంచి తీసుకుంటాం కాబట్టి బంకువాడు విడిగా చూపించనవసరం లేదు. నేను ముప్పై ఏళ్లు ఊరూరా తిరిగి కిరాణా కొట్టువాణ్ని, బట్టల కొట్టువాణ్ని బిల్లు మీద పన్ను విడిగా చూపించమని అడిగాను, చూపించనివాడికి నోటీసులిచ్చాను. అన్నిటికంటే ఎక్కువ పన్ను ఉన్న బిల్లు మీద మాత్రం అది కనిపించడం లేదని ఒక్కసారి కూడా అడగలేదు.

వ్యాను యజమాని: అయితే ఇప్పుడు అడుగుదాం సార్. కాగితం మీరు రాయండి. వంటిమామిడిలో బండ్లు పెట్టేవాళ్లం చాలామందిమి ఉన్నాం, సంతకాలు నేను తెస్తాను.

అధికారి: కేంద్రం సుంకం ఇంత, రాష్ట్రం వ్యాట్ ఇంత, డీలరు కమీషన్ ఇంత అని ప్రతి చీటీ మీదా అచ్చు వేయాలని రాస్తాను. వ్యాట్‌కు పైపరిమితి గురించి రెండో పేరా. ఎన్నికలప్పుడు ధరలు ఆపడం గురించి మూడోది. ఈ చీటీని జతచేయాలి, అక్షరాలు పూర్తిగా పోకముందే జిరాక్సు తీయించు.

వ్యాను యజమాని: ఇవాళ పండగ, షాపు మూసి ఉంటుంది. రాత్రి ఒంటిగంటకు లోడుకు బయలుదేరాలి. రేపు తిరిగొచ్చేటప్పుడు తీయించి మీ చేతికే ఇస్తాను.