స్తంభం కూడా సిగ్నలేనా?

మనిషినని నిరూపించుకోవడానికి లోకంలో ఇప్పుడు ఒకే మార్గం మిగిలింది. 16 గడుల బొమ్మలో ట్రాఫిక్ సిగ్నళ్లు ఎక్కడున్నాయో నొక్కి చూపించాలి. మనమెవరో సైట్లకు తెలియనివ్వని టోర్ బ్రౌజర్ వాడేవాళ్లకు క్యాప్చా అనే ఈ పరీక్ష గురించి వేరే చెప్పక్కర్లేదు. దీపాలు సరే, వాటిని మోస్తున్న స్తంభం కూడా సిగ్నలేనా? పక్క గడిలోకి గోరంత తొంగిచూసిన అంచు లెక్కలోకి వస్తుందా? శాస్త్రం తెలిసిన పెద్దలెవరైనా తేల్చాలి. స్తంభాన్ని వదిలేస్తే మళ్లీ మొదటికి. నొక్కితే సిగ్నళ్లు పోయి మోటారు సైకిళ్లు దిగుతాయి. అద్దం బండిలో భాగమా కాదా అని తర్జనభర్జన పడుతుండగానే జీబ్రా గీతలు, తర్వాత మెట్లు, ఆపైన బస్సులు. అన్నీ ఒద్దికగా నొక్కాక తీర్పు: 'దయచేసి మళ్లీ ప్రయత్నించండి.' అసలు వచ్చింది ఒక మాత్ర దుష్ప్రభావాలేమిటో చదువుదామని.

ఇంతకీ చేసిన నేరం? ఎవరో చెప్పకుండా రావడం.

టోర్ మన అభ్యర్థనను మూడు పొరల ఎన్‌క్రిప్షన్‌లో, అంటే రహస్య సంకేతాల్లో చుట్టి, వాలంటీర్లు నడిపే వేలాది రిలేల్లోంచి, అంటే అందుకున్నది ముందుకు పంపే కంప్యూటర్లలోంచి, మూడింటి మీదుగా పంపుతుంది. ఒక్కో రిలే ఒక్కో పొరే విప్పగలదు. మొదటిదానికి మన చిరునామా తెలుసు, గమ్యం తెలీదు. చివరిదానికి గమ్యం తెలుసు, మనమెవరో తెలీదు. మధ్యదానికి, పాపం, రెండూ తెలీవు. సైటుకు కనబడేది చివరి రిలే చిరునామా మాత్రమే. దాని వెనక ఎంతోమంది ఉంటారు, అందులో తుంటరులూ ఉంటారు, కాదనను. ఆ చివరి రిలేల జాబితాను టోర్ ప్రాజెక్టే బహిరంగంగా పెడుతుంది. దాన్ని చూసి అందరి మీదా తలుపు వేసేయడమంటే ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోవడమే.

ఇది దొంగల కోసం పుట్టిందని నమ్మే మహానుభావులకు చిన్న సమాచారం. ఈ పద్ధతి 1990ల మధ్యలో అమెరికా నౌకాదళ పరిశోధనాలయంలో పుట్టింది. నౌకాదళం ఒక్కటే వాడితే, అందులోంచి వచ్చే ప్రతివాడూ నౌకాదళం మనిషేనని తెలిసిపోదూ? అందుకే అందరికీ ఇవ్వాల్సి వచ్చింది. గుంపు లేకపోతే ముసుగు పనిచెయ్యదు. 2013లో పరీక్ష ఎగ్గొట్టడానికి హార్వర్డ్‌కు బాంబు బెదిరింపు పంపిన కుర్రాడికి ఈ సంగతి తట్టలేదు. క్యాంపస్ వైఫై మీద ఆ వేళ టోర్ వాడిందెవరని ఆరా తీసి పట్టుకున్నారు. (టోర్ తెరిచి సొంత పేరుతో లాగిన్ అయ్యేవాళ్ల గురించి మాట్లాడి లాభం లేదు.)

బస్సుల పరీక్ష ఎలాగో గట్టెక్కితే సైటు చెప్పే మొదటి మాట 'మీ గోప్యత మాకెంతో ముఖ్యం.' కింద 'అన్ని కుకీలూ అంగీకరించు' బటన్ అరచేతంత. 'తిరస్కరించు' ఎక్కడుందో వెతకడం ఇంకో క్యాప్చా.

నవ్వులాట పక్కన పెడదాం. ఇంటి వైఫై కొట్టే మొగుడి చేతిలో ఉంది. అతను బయటికెళ్లిన కాసేపట్లో సాయం ఎక్కడ దొరుకుతుందో టోర్‌లో వెతుకుతోంది ఒకామె. ఆమెను బస్సులు నొక్కమంటారా? మెట్లు లెక్కపెట్టమంటారా? సిగ్గు లేదూ? ఆమె పేరు మీకెందుకు? ఆమె ఏ ఊరిదో తెలిసి మీరు ఉద్ధరించేదేముంది, ప్రకటన అమ్ముకోవడం తప్ప?

సాంకేతిక ఇబ్బందులని సాకులు చెప్పొద్దు. పేరూ పుట్టినరోజూ అడగందే ఖాతా ఇవ్వని ఫేస్‌బుక్కే 2014లో టోర్ వాళ్ల కోసం ప్రత్యేకంగా ఆనియన్ చిరునామా, అంటే టోర్‌లోనే తెరుచుకునే సైటు చిరునామా, తెరిచింది. బీబీసీ 2019లో తన వార్తల సైటుకు అదే పని చేసింది. మాత్రల దుష్ప్రభావాల పేజీలో అంతకు మించి కాపాడాల్సిన నిధులేమున్నాయో కాస్త సెలవియ్యండి, వింటాం.