భూమి తిరగడాన్ని కళ్లారా చూసిన ‘ఆస్ట్రేలియా వ్యోమగామి’: ఆ సందేశంలో నిజమెంత?

బెంగళూరులో మా అపార్ట్‌మెంట్‌లోని తెలుగువారి వాట్సాప్ బృందంలోకి పోయిన వారం మళ్లీ వచ్చిన వీడియో ఒకటి మీలో చాలామందికి ఇదివరకే చేరి ఉంటుంది. దాని కింద ఇలా రాసి ఉంది: ఒక ఆస్ట్రేలియా వ్యోమగామి 1,28,000 అడుగుల ఎత్తు నుంచి దూకి, 1,236 కిలోమీటర్లను 4 నిమిషాల 5 సెకన్లలో దాటి భూమిని చేరాడు, భూమి తిరగడాన్ని స్పష్టంగా చూశాడు, వీడియోను బీబీసీ విడుదల చేసింది. వీడియో నకిలీది కాదు. ఒక మనిషి ప్రాణాలకు తెగించి చేసిన పని అది. అందుకే దానికి తగిలించిన అబద్ధాలను విడదీయడం అవసరమని నాకు అనిపించింది.

ఆయన పేరు ఫెలిక్స్ బామ్‌గార్ట్‌నర్. ఆయనది ఆస్ట్రేలియా కాదు, ఆస్ట్రియా. వ్యోమగామి కూడా కాదు. విమానాల నుంచి, ఎత్తయిన కట్టడాల మీద నుంచి పారాషూట్‌తో దూకడంలో ఆరితేరిన సాహసి. 2025 జులైలో ఇటలీలో పారాగ్లైడింగ్ ప్రమాదంలో మరణించిన ఆ మనిషికి దేశాన్నయినా సరిగ్గా చెప్పకపోవడం నాకు బాధ కలిగించింది.

ఇక దూరం సంగతి. 2012 అక్టోబరు 14న అమెరికాలోని న్యూ మెక్సికోలో, రోస్‌వెల్ దగ్గర బయలుదేరిన హీలియం బెలూన్ ఆయనను సుమారు రెండున్నర గంటల్లో 38,969 మీటర్ల ఎత్తుకు, అంటే 1,27,852 అడుగులకు చేర్చింది. సందేశంలోని ఎత్తు దాదాపు సరైనదే. అయితే ఆ ఎత్తు 39 కిలోమీటర్లే. బెంగళూరు నడిబొడ్డున ఉన్న మెజెస్టిక్ నుంచి హోసూరు దాకా రోడ్డు మీద పోయేంత దూరం. 39 కిలోమీటర్ల ఎత్తు నుంచి దూకినవాడు 1,236 కిలోమీటర్లు ఎలా దాటుతాడు? ఒకే వాక్యంలోని రెండు అంకెలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్నాయి. పైగా ఆ దూరాన్ని 245 సెకన్లలో దాటాలంటే గంటకు 18 వేల కిలోమీటర్ల వేగం కావాలి. ఆయన అందుకున్న గరిష్ఠ వేగం గంటకు 1,357.6 కిలోమీటర్లు. ఆ వేగం అందుకున్న ఎత్తులోని ధ్వని వేగానికి అది ఒకటింబావు రెట్లు. నేలమట్టంలో, 20 డిగ్రీల వేడిలో ధ్వని గంటకు సుమారు 1,235 కిలోమీటర్ల వేగంతో ప్రయాణిస్తుంది. ఆ వేగాన్నే ఎవరో దూరంగా పొరబడి రాసి ఉంటారని నా అనుమానం.

సమయమూ తప్పే. పారాషూట్ తెరవకముందు ఆయన పడిన సమయమే 4 నిమిషాల 20 సెకన్ల దాకా ఉంది. నేల మీద కాలు మోపేసరికి మొత్తం 9 నిమిషాలు పట్టింది. బీబీసీ తరువాత దీనిపై డాక్యుమెంటరీ ప్రసారం చేసిన మాట వాస్తవమే కానీ, ఈ సాహసాన్ని నిర్వహించినదీ, చిత్రీకరించి యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా చూపినదీ రెడ్ బుల్ సంస్థ.

అందరినీ ఆకట్టుకున్నది మాత్రం గిర్రున తిరుగుతున్న భూమి దృశ్యం. ఆ దృశ్యంలో తిరుగుతున్నది భూమి కాదు, ఆయన. గాలి అంత పలుచగా ఉన్నచోట చేతులూ కాళ్లూ చాచి ఒంటిని నిలుపుకోవడానికి ఆధారం దొరకదు. అందువల్ల దూకిన కొద్దిసేపటికే ఆయన బొంగరంలా తిరగసాగారు, ఒంటికి బిగించిన కెమెరా కూడా ఆయనతోపాటే తిరిగింది. ఆ సుడి ఇంకా పెరిగి ఉంటే ఆయన స్పృహ తప్పేవారు. గాలి చిక్కబడిన తరువాతే శరీరం ఆయన అదుపులోకి వచ్చింది.

భూమి గంటకు 15 డిగ్రీలు మాత్రమే తిరుగుతుంది కాబట్టి, ఆయన పడిన ఆ నాలుగు నిమిషాల పైచిలుకులో అది కదిలినది ఒక్క డిగ్రీ. వాతావరణమూ, అందులో వేలాడుతున్న బెలూనూ భూమితో కలిసే తిరుగుతాయి కనుక ఆ ఒక్క డిగ్రీ కూడా పైనుంచి కనిపించదు. అలా కాకపోతే, ఆ అక్షాంశంలో నేల గంటకు సుమారు 1,400 కిలోమీటర్ల వేగంతో తూర్పుకు పోతుంది గనుక, బెలూన్ పైకెక్కిన రెండున్నర గంటల్లోనే న్యూ మెక్సికో మూడు వేల కిలోమీటర్లకు పైగా దూరం జరిగిపోయేది. ఆయన దిగింది న్యూ మెక్సికోలోనే.

ముందుకు సాగే పడవలోని మనిషికి ఒడ్డున కదలని వస్తువులు వెనక్కి పోతున్నట్టు ఎలా కనిపిస్తాయో, కదలని నక్షత్రాలు పడమరకు పోతున్నట్టు మనకూ అలాగే కనిపిస్తాయని ఆర్యభటుడు ‘ఆర్యభటీయం’లో చెప్పాడు. మబ్బులేని రాత్రి మీ మేడ మీద ఒకచోట కదలకుండా కూర్చుని, నెత్తిమీదికి వచ్చిన నక్షత్రాన్ని నీళ్ల ట్యాంకు అంచుకు ఆనించి నాలుగు నిమిషాలు చూడండి. చంద్రబింబం వెడల్పుకు దాదాపు రెండింతల దూరం అది పడమరకు జరిగి ఉంటుంది; ఆ జరిగినది భూమి.