మూడు ఆటోలు, ఒక అత్తగారు

మా బావమరిది పగలు బెంగళూరులో ఒక కంపెనీకి కోడ్ రాస్తాడు, రాత్రిళ్లు తన సరదా కోసం ఏకంగా ఒక ప్రోగ్రామింగ్ భాషే తయారు చేస్తున్నాడు. దాదాపు అయిపోయిందట, ఒక్క మెథడ్‌కి, అంటే పేరు పెట్టి పిలిస్తే ఒక పని చేసిపెట్టే కోడ్ ముక్కకి, పేరు కుదరక ఆగింది. కొన్ని పనులు ఒకేసారి మొదలుపెట్టి, ముందు పూర్తయినదాని ఫలితం తీసుకునే మెథడ్ అది. మా అమ్మాయి బారసాలకి కూడా పేరు మీద ఇంత చర్చ జరగలేదు.

"జావాస్క్రిప్ట్ భాషలో 'రేస్' ఉందిగా, అదే పెట్టెయ్యరాదూ?" అన్నాను.

"2015 నుంచీ ఉంది బావా. కానీ అందులో ముందు ఏది తేలితే అదే లెక్క, ఫెయిలై తేలినా సరే. సక్సెస్ అయిందే కావాలంటే 'ఎనీ' వాడాలి. అది 2021లో వచ్చింది."

నాకు సగమే అర్థమైంది. మిగతా సగం ఆదివారం సాయంత్రం అర్థమైంది.

అత్తయ్యగారిని యశ్వంతపూర్‌లో రైలెక్కించాలి. బయట వాన. మారతహళ్లిలో వాన పడుతుంటే ఆటో కోసం ముగ్గురు మూడు యాప్‌లలో వెతకడం మామూలే. బావమరిది మాత్రం దానికో పద్ధతి పెట్టాడు. "ఎవరిది ముందు తేలితే వాళ్లు 'తేలింది' అని అరవండి. మిగతావాళ్లు ఫోన్లు లోపల పెట్టేసి సామాను పట్టుకోండి."

కాసేపటికి మా ఆవిడ "తేలింది!" అంది. ఖాళీ ఆవకాయ జాడీలతో సహా అందరం కిందికి దిగి, గేటు దగ్గర తడుస్తూ ఆటో నంబరెంత అని అడిగాం.

"నంబరేంటి? డ్రైవర్ క్యాన్సిల్ చేశాడు. తేలిందనేగా అరవమన్నాడు!"

వాడు పెట్టిన రూలు ప్రకారం ఆవిడను ఏమీ అనడానికి లేదు.

రెండో విడత 'ఎనీ' అన్నాడు. ఆటో ఖాయమైతేనే అరవాలి. నాకు ఖాయమైంది, అరిచాను. ఆటో వచ్చింది. జాడీలు ఎక్కిస్తుండగా సందులోకి ఇంకో ఆటో తిరిగింది. దాని వెనకే మరొకటి.

"మీవి క్యాన్సిల్ చెయ్యలేదేంట్రా?"

"'ఎనీ' మిగతావాటిని ఆపదు బావా, వాటి దారిన అవి నడుస్తూనే ఉంటాయి. అదే జావా అనే ఇంకో భాషలో 'ఇన్వోక్‌ఎనీ' అయితే పూర్తికానివాటిని రద్దు చేస్తుంది. రెండిట్లోనూ ఎనీయే! నా బాధ అదే కదా!"

వానలో, గొడుగు లేకుండా, మూడు హారన్ల మధ్య నిలబడి ఇది చెప్పగలిగినవాడు ఆ భాషను పూర్తి చేసే తీరతాడు. నన్నడిగితే (ఎవరూ అడగలేదనుకోండి) ఓడినవాళ్ల గతేమిటో పేరు చూడగానే తెలియాలి. పేరు మూరెడు పొడుగైనా పర్వాలేదు.

డ్రైవర్లలో ఒకాయన కన్నడంలో మమ్మల్ని గట్టిగానే ఏదో అన్నాడు. ఏమన్నాడని అత్తయ్యగారు అడిగారు. శుభప్రయాణం అన్నాడని చెప్పాం. ముగ్గురిలో ఎవరూ ఖాళీగా వెనక్కి పోయేలా లేరు. సరే, మూడూ ఎక్కాం. మొదటి దాంట్లో జాడీలతో అత్తయ్యగారు, మా ఆవిడ. రెండో దాంట్లో నేను. మూడో దాంట్లో వాడు.

"స్టేషన్‌లో కలుద్దాం. మిగతావి వచ్చేదాకా ఆగడాన్ని 'జాయిన్' అంటారు బావా!" అని తల బయటపెట్టి అరిచాడు.

ఎవరు ఎవరి కోసం ఎక్కడ ఆగాలో ఆ పేరూ చెప్పదు. యశ్వంతపూర్‌కేమో రెండు వైపులా దారులున్నాయి. నేనొక వైపు, వాడు రెండో వైపు మిగతావాళ్ల కోసం కాచుకుని ఉండగా అత్తయ్యగారు ఫోన్ చేశారు.

"కూలీని పెట్టుకుని ఎక్కేశాం బాబూ, సీట్లో కూర్చున్నాను. రైలు కదిలేలా ఉందని అమ్మాయి దిగిపోయింది. మీరిద్దరూ ఇంకా ఆటో వెతుకుతున్నారా?"