లైసెన్సు మెకానిక్‌కా, మనకా?

ప్లానోలో ఉండే మా మేనల్లుడు ఫోన్ చేసి "మామయ్యా, ఈ సాఫ్ట్‌వేర్‌కో దండం, ఏసీలు బాగుచేసుకుని బతికేస్తా" అన్నాడు. మనస్ఫూర్తిగా ఆశీర్వదించాను. గ్రీన్‌కార్డు ఉంది, కారుంది, టెక్సాస్‌లో ఎండలకి కొదవ లేదు. ఇంకేం కావాలి? ఒక గేజు, ఒక గ్యాస్ సిలిండరు, కరెంటు స్తంభాలకి అంటించడానికి నాలుగు కాగితాలు. మా హైదరాబాద్‌లో అయితే ఆదివారం అనుకున్నవాడు సోమవారం మన గోడెక్కి కూర్చుంటాడు.

వారం తర్వాత మళ్లీ చేశాడు, గొంతులో జీవం లేదు. అక్కడ మామూలు దారిలో కాంట్రాక్టర్ లైసెన్సు కావాలంటే గత 72 నెలల్లో 48 నెలలు లైసెన్సున్న కాంట్రాక్టరు కింద పనిచేసి ఉండాలట. ఆ తర్వాత పరీక్ష. అందులోనూ రెండు కులాలు: 'ఏ' క్లాసు వాళ్లు ఎంత పెద్ద మిషనైనా ముట్టుకోవచ్చు, 'బి' క్లాసు వాళ్లు కూలింగ్‌లో 25 టన్నులు దాటకూడదు. ఇన్సూరెన్స్ చూపించాలి, ఏటా 8 గంటలు మళ్లీ క్లాసులో కూర్చోవాలి, బండికి రెండు పక్కలా కంపెనీ పేరూ లైసెన్సు నంబరూ రెండంగుళాలకు తగ్గని అక్షరాల్లో రాయించుకోవాలి. ఇదంతా రాష్ట్రం అడిగేది. గ్యాస్ జోలికి వెళ్లాలంటే ఫెడరల్ వాళ్ల 608 పరీక్ష ఇంకోటి. కావాలని గ్యాస్ గాల్లోకి వదిలితే నేరం, 1992 జూలై నుంచి.

గాల్లోకి వదలకపోతే ఇంకెక్కడికి వదులుతారండీ? మా మెకానిక్ నట్టు విప్పి బుస్సుమనిపిస్తే వీధి మొత్తానికి తెలుస్తుంది, ఈ ఇంట్లో ఏసీ సర్వీసింగ్ జరుగుతోందని. ఆ మాత్రం పబ్లిసిటీ ఉండొద్దా.

మన దగ్గర చదువు లేదని కాదు. ఐటీఐలో ఈ పనికి రెండేళ్ల కోర్సుంది. 2019లో కేంద్రం కూలింగ్ యాక్షన్ ప్లాన్ అని ఒకటి తెచ్చి, లక్ష మంది మెకానిక్‌లకి శిక్షణా సర్టిఫికెట్లూ అని లక్ష్యం కూడా పెట్టుకుంది. పని తెలిసినవాళ్లూ ఉన్నారు, మే నెలలో వాళ్ల ఫోన్ కలవదు, అంతే. మనం అమెరికా కంటే ఒకడుగు ముందుకేసి పరీక్ష రాసే బాధ్యతని మెకానిక్ నెత్తి మీంచి తీసి ఇంటి యజమాని నెత్తిన పెట్టాం. నేను ఆరేళ్లుగా రాస్తున్నాను.

మొదటి ఏడాది ప్రశ్న: "గ్యాస్ పోయింది సార్." అప్పుడు నేను "ఎక్కడికి పోయింది?" అనాలి. అనలేదు. ఏసీలో గ్యాస్ బండిలో పెట్రోలులా ఖర్చయ్యేది కాదనీ, మూసేసిన పైపుల్లోనే తిరుగుతుంటుందనీ, తగ్గిందంటే ఎక్కడో లీకున్నట్టేననీ నాకప్పటికి తెలియదు. ఫెయిల్. ఫీజు రెండువేల ఎనిమిదొందలు. రెండో ఏడాది సేమ్ ప్రశ్న, సేమ్ ఫీజు. మూడో ఏడాది మాత్రం చదువుకుని కూర్చున్నా. "లీకు ఎక్కడ బాబూ, సబ్బు నురగ పెట్టి చూశావా?" అన్నాను. నన్ను కాసేపు జాలిగా చూసి "నేచురల్‌గా తగ్గుద్ది సార్" అన్నాడు.

నాలుగో ఏడాది ప్రాక్టికల్స్. గ్యాస్ ఎన్ని గ్రాములు పట్టాలో యూనిట్ మీద లేబుల్‌పై రాసి ఉంటుంది, కాటా పెట్టి తూచి ఎక్కించాలి. మావాడు కాటా తేలేదు. పైపుని రెండు వేళ్లతో పట్టుకుని, నాడి చూసే ఆయుర్వేద వైద్యుడిలా కళ్లు మూసుకుని "సరిపోయింది" అన్నాడు. పైపుల్లో గాలీ తేమా లాగేయడానికి వాక్యూమ్ పంపు పెట్టవా అంటే "అది పెద్ద బిల్డింగులకి సార్" అన్నాడు. ఈ ఆర్-32 గ్యాస్‌కి కొద్దిగా మండే గుణం ఉందటగా అంటే, "అందుకే కూలింగ్ బాగుంటది" అన్నాడు. దీనికి సమాధానం ఏ సిలబస్‌లోనూ లేదు.

ఈ ఆరేళ్లలో స్టూలు పట్టుకున్నాను, టార్చి కొట్టాను, పదో నంబరు స్పానరు అందించాను, పాత చీర తడిపి అవుట్‌డోర్ మీద కప్పాను. మే నెలలే కదా అంటారేమో, ఎదురుచూసిన నెలలు కూడా కలిపితే 48 ఎప్పుడో దాటాయి. టెక్సాస్‌లో నా దరఖాస్తుకి అడ్డం ఒక్కటే, నేను ఎవరి కింద పనిచేశానో ఆయనకి లైసెన్సు లేదు.

మేనల్లుడు మళ్లీ సాఫ్ట్‌వేర్‌లోనే చేరిపోయాడు. మొన్న అర్ధరాత్రి వీడియో కాల్ చేశాడు, వాళ్లింట్లో ఏసీ చల్లగా రావట్లేదట, లైసెన్సున్నవాడు వచ్చి చూడ్డానికే ఎంత అడిగాడో చెప్పి ఏడుపొకటే తక్కువ. "నువ్వోసారి చూసి చెప్పు మామయ్యా" అని కెమెరా వెనక పెరట్లోని యూనిట్ వైపు తిప్పాడు. నేను కళ్లజోడు సరిచేసుకుని ఓ నిమిషం తేరిపార చూశాను.

"గ్యాస్ పోయిందిరా" అన్నాను.