సవరణ: కేన్సర్ చికిత్సలో ఉన్నవారి ఆన్‌లైన్ సంగీత బృందాల గురించి

మా శ్రీకాకుళం వైపు కేన్సర్ రోగులకు ఆన్‌లైన్ సంగీత చికిత్స ఎంత ఊరటనిస్తుందో గతంలో రాసినది చదివి, కీమో (కేన్సర్ కణాలను చంపే మందుల చికిత్స) వాయిదా వేసుకోవచ్చా అని కొందరు అడిగారు కాబట్టి ఈ వివరణ అవసరమైంది. వాయిదా వేయకూడదు. సంగీతం కణితిని కరిగించదు. వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ 81 ప్రయోగాలను పరిశీలించి 2021లో ఇచ్చిన సమీక్ష చెప్పినది, పెద్దవారిలో ఆందోళన, నొప్పి, అలసట తగ్గడానికి అది తోడ్పడవచ్చని. ఈ ఆన్‌లైన్ బృందాల్లో అందరూ ఒకేసారి గొంతు కలుపుతారనుకోవడమూ సరికాదు: నెట్‌లో శబ్దం కాస్త ఆలస్యంగా చేరుతుంది గనుక చికిత్సకులు ఒక పాదం పాడితే, మిగతావారు మైకు ఆపుకుని ఎవరింట్లో వారు అందుకుంటారు. తెల్ల రక్తకణాలు పడిపోయి జనంలోకి వెళ్లవద్దని డాక్టరు చెప్పిన రోజుల్లో, పలాసలోనో రాజాంలోనో ఇంట్లో కూర్చునే తోటివారి ముఖాలు చూడగలగడమే నా దృష్టిలో దీని అసలు మేలు. జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు చేరితే మాత్రం పాట ఆపి వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేయండి.