ఆ పన్నెండు కుర్చీల్లో ఒకటి మనది

జ్యూరీ డ్యూటీకి, అంటే కేసు విని తీర్పు చెప్పే మామూలు పౌరుల బృందంలో కూర్చోవడానికి, రమ్మని కోర్టు నుంచి కవరు రాగానే అమెరికాలోని తెలుగు ఇళ్లలో మొదట వినిపించే మాట "దీన్ని ఎలా తప్పించుకోవాలి?" వాట్సాప్ గ్రూపులో అడిగితే చాలు, సలహాలు వరసకడతాయి. ఇంగ్లిష్ సరిగా రాదని చెప్పమంటారు ఒకరు. పోలీసుల మీద నమ్మకం లేదని చెప్పమంటారు ఇంకొకరు. 'సిటిజన్ కాదు' అన్న గడిలో టిక్ పెట్టి పంపెయ్యమనేవాళ్లూ ఉన్నారు. ఇవన్నీ తప్పుడు సలహాలు, చివరిదైతే ప్రమాదకరం. పౌరసత్వం కోసం ఏళ్ల తరబడి లైన్లో నిలబడినవాళ్లు, అది చేతికొచ్చాక అందులో సగం విలువను ఇలా పారేసుకోవడం నాకు మింగుడుపడని విషయం.

పౌరసత్వ ఇంటర్వ్యూకు చాలామంది బట్టీపట్టిన వంద ప్రశ్నల్లో ఒకటి గుర్తుచేసుకోండి. సిటిజన్లకు మాత్రమే ఉండే బాధ్యత ఒకటి చెప్పమంటే జవాబులు రెండే: ఫెడరల్ ఎన్నికల్లో ఓటు వేయడం, జ్యూరీలో కూర్చోవడం. ఓటు కోట్ల మందిలో ఒకటి. జ్యూరీ గదిలో మాట పన్నెండింటిలో ఒకటి. పైగా 2020లో 'రామోస్ వర్సెస్ లూసియానా' తీర్పు వచ్చాక తీవ్రమైన నేరాల్లో ఏ రాష్ట్రంలోనైనా దోషి అని తేల్చాలంటే జ్యూరీ మొత్తం ఏకాభిప్రాయానికి రావాల్సిందే. పదకొండు మంది ఒకవైపు ఉన్నా మిగిలిన ఆ ఒక్కరిని కాదని ముందుకు పోలేరు. సామాన్యుడికి ఇంతటి అధికారం ఇంకెక్కడ దొరుకుతుంది?

భయపడేవాళ్లలో చాలామందికి అసలు అక్కడేం జరుగుతుందో తెలియదు. పేర్లు ఓటర్ల జాబితా నుంచి, చాలా రాష్ట్రాల్లో డ్రైవింగ్ లైసెన్సుల జాబితా నుంచి కూడా లాటరీ పద్ధతిలో తీస్తారు. కవరులో జ్యూరర్ నంబరు, గ్రూపు నంబరు, ప్రశ్నాపత్రం ఉంటాయి. ప్రశ్నాపత్రాన్ని ఆన్‌లైన్లో నింపొచ్చు. ఆ తేదీకి ఇండియా టికెట్లు ఉన్నా, ప్రాజెక్టు రిలీజ్ ఉన్నా మొదటిసారి వాయిదా అడిగితే సాధారణంగా ఇస్తారు. కారణం రాసి, రాగలిగే తేదీ చెబితే సరిపోతుంది. చాలా కోర్టుల్లో ముందు రోజు సాయంత్రం వెబ్‌సైట్లో గానీ ఫోన్లో గానీ గ్రూపు నంబరు చూసుకోవాలి. ఆ గ్రూపు అక్కర్లేదంటే ఇల్లు కదిలే పనే లేదు. వెళ్లాల్సివస్తే పొద్దున ఎనిమిది, ఎనిమిదిన్నరకల్లా సెక్యూరిటీ దాటి జ్యూరీ హాల్లో కూర్చోవాలి. కాలిఫోర్నియాలో 'ఒక రోజు లేదా ఒక ట్రయల్' పద్ధతి ఉంది. మొదటి రోజు సాయంత్రానికి ఏ కేసుకూ కేటాయించకపోతే ఆ ఏడాదికి మీ వంతు అయిపోయినట్టే. ఒక్క జాగ్రత్త: కవరు మీద 'గ్రాండ్ జ్యూరీ' (ఒకరి మీద నేరారోపణ మోపాలా వద్దా అని తేల్చే జ్యూరీ) అని ఉంటే అది వేరే సంగతి. ఫెడరల్ కోర్టులో ఆ జ్యూరీ 16 నుంచి 23 మందితో, కొన్నిసార్లు 18 నెలల దాకా నడుస్తుంది. ఇబ్బంది ఉంటే మొదట్లోనే రాసి అడగాలి.

ఇక టిక్కు సంగతి. ఇందులో తప్పు రెండు వైపులా జరుగుతోంది. హెచ్1బీ మీద, గ్రీన్‌కార్డు మీద ఉన్నవాళ్లకూ సమన్ వస్తుంది, ఎందుకంటే లైసెన్సుల జాబితా వీసా అడగదు. వాళ్లు ఆ కాగితాన్ని చెత్తబుట్టలో వెయ్యకూడదు, మర్యాదకని వెళ్లి కూర్చోకూడదు కూడా. 'సిటిజన్ కాదు' అని టిక్ పెట్టి, సంతకం చేసి, గడువులోగా పంపాలి. సిటిజన్‌నని తప్పుగా చెప్పుకోవడం ఇమ్మిగ్రేషన్ చట్టంలో దేశం నుంచి పంపించేయదగిన తప్పు. దాని ముందు గ్రీన్‌కార్డు కూడా నిలవదు. పౌరసత్వ దరఖాస్తులోనే ఆ ప్రశ్న సూటిగా ఉంటుంది.

రెండోది ఇంకా విచారకరం. సిటిజన్ అయి ఉండి, కోర్టుకు వెళ్లడం బద్ధకమై 'కాదు' అని టిక్ పెట్టడం. టెక్సస్‌లో ఇలా మినహాయింపు పొందినవాళ్ల పేర్లను కోర్టు గుమాస్తా ఓటర్ల నమోదు అధికారులకు పంపాలని చట్టమే చెబుతోంది. ఫ్రిస్కోలోనో ప్లేనోలోనో ఉన్న మనిషి ఒక రోజు సెలవు మిగిలిందని సంతోషించేలోపు, నువ్వు సిటిజన్‌వని రుజువు చూపించు, లేకపోతే ఓటు తీసేస్తాం అని నోటీసు వస్తుంది. అదీకాక అది ప్రమాణపూర్వకంగా చేసిన సంతకం. అసలు బదులే ఇవ్వకపోతే ఫెడరల్ కోర్టు వెయ్యి డాలర్ల దాకా జరిమానా, మూడు రోజుల దాకా జైలు వెయ్యొచ్చు. అన్నట్టు, 'జ్యూరీకి రాలేదు, అరెస్టు వారంట్ ఉంది, గిఫ్ట్‌కార్డుతో డబ్బు కట్టు' అని ఫోన్ వస్తే అది మోసం. ఏ కోర్టూ ఫోన్లో డబ్బు అడగదు. ఇంట్లో ఉన్న అమ్మానాన్నలకు ఈ ముక్క తప్పక చెప్పి ఉంచండి.

'మా ఇంగ్లిష్ చాలదు' అనే మాట నేను ఒప్పుకోను. ఫెడరల్ చట్టం అడిగేది ఆ ఫారం నింపగలిగేంత చదవడం, రాయడం, అర్థం చేసుకోవడం, మాట్లాడగలగడం. యాస గురించి అందులో ఒక్క మాట లేదు. రోజుకు ఆరు మీటింగుల్లో ఇంగ్లిష్‌లో వాదించే మనిషి జడ్జి ముందు నిలబడి ఇంగ్లిష్ రాదనడం అబద్ధం. నిజంగా రానివాళ్లు, ముఖ్యంగా యాభై అయిదు దాటాక తెలుగు అనువాదకుడి సాయంతో పౌరసత్వ పరీక్ష రాసిన పెద్దవాళ్లు, ఆ మాటే నిజాయితీగా రాస్తే వదిలేస్తారు. డెబ్బై దాటినవాళ్లు అడిగితే చాలా ఫెడరల్ కోర్టులు మినహాయిస్తాయి. న్యూమెక్సికోలోనైతే ఇంగ్లిష్ రాని పౌరుణ్ని ఆ కారణంతో జ్యూరీకి దూరం పెట్టడానికి వీల్లేదని రాష్ట్ర రాజ్యాంగమే రాసుకుంది. అనువాదకుణ్ని పక్కన కూర్చోబెడతారు.

అవతలివాళ్ల వాదనలో బలమున్న మాట డబ్బు ఒక్కటే. ఫెడరల్ కోర్టు రోజుకు 50 డాలర్లు ఇస్తుంది. కాలిఫోర్నియా రాష్ట్ర కోర్టు రెండో రోజు నుంచి 15 ఇస్తుంది. టెక్సస్ 2023లో పెంచి మొదటి రోజుకు 20, తర్వాత రోజుకు 58 చేసింది. గంటల లెక్కన కన్సల్టింగ్ చేసేవాళ్లకు ఇది నిజమైన నష్టమే. కానీ నెల జీతం మీద ఉన్న ఐటీ ఉద్యోగి తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఫెడరల్ వేతన నిబంధనల ప్రకారం ఓవర్‌టైమ్ వర్తించని జీతగాడు ఆ వారంలో కొంతైనా పని చేసి ఉంటే, జ్యూరీకి వెళ్లిన రోజులకు జీతం కోయకూడదు. కోర్టు ఇచ్చిన భత్యాన్ని మాత్రం కంపెనీ సర్దుకోవచ్చు. జ్యూరీకి వెళ్లాడని ఉద్యోగం తీసేయడం ఫెడరల్ కోర్టుల విషయంలో చట్టవిరుద్ధం, రాష్ట్రాల్లోనూ ఇలాంటి రక్షణలున్నాయి. హెచ్ఆర్‌కు సమన్ కాపీ మొదటి రోజే పంపండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఆ గదిలో తెలుగు మనిషి ఎందుకుండాలి?

ఒక గృహహింస కేసు ఊహించుకోండి. సాక్ష్యం ఒక తెలుగు వాయిస్ మెసేజ్. గొడవయ్యాక గుమ్మం దిగుతూ ఒకడు 'సరే, వస్తా' అన్నాడు. అనువాదంలో అది 'ఐ విల్ కమ్ బ్యాక్' అయింది. మనకు అది సెలవు తీసుకునే మాట. ఇంగ్లిష్‌లో అది బెదిరింపు. తల్లి పిల్లాణ్ని 'కాళ్లు విరగ్గొడతా' అన్నది. కాగితం మీద అది హింస చేస్తానన్న ప్రకటన. ఇటువైపు నుంచి కూడా చూడండి. భర్త 'చెయ్యి చేసుకున్నాడు' అని భార్య చెబితే, మాటకు మాట పెట్టే అనువాదకుడి నోట్లో కొట్టిన దెబ్బే మాయమైపోవచ్చు. ఇంకొక సాక్షి 'మా అన్నయ్య చూశాడు' అంటాడు. అతను పెదనాన్న కొడుకు. మన ఇళ్లలో అన్నయ్య అంటే అన్నయ్యే. రికార్డులో సాక్షి ఒక్కడే కొడుకని ఉంటుంది. లేని అన్నను పుట్టించాడు కాబట్టి అబద్ధాలకోరని అవతలి లాయరు నిలదీస్తాడు. పెద్దాయన ప్రశ్న అడుగుతుంటే కళ్లలోకి చూడకుండా తల దించుకున్న అమ్మాయి వినయం, దాపరికంలా కనిపిస్తుంది.

ఫెడరల్ కోర్టు అనువాదకుల సర్టిఫికేషన్ పరీక్ష ఇప్పుడు స్పానిష్‌కు మాత్రమే ఉంది. తెలుగుకు అలాంటి పరీక్ష లేదు. దొరికినవాళ్లలో అర్హులను కోర్టు ఎంచుకుంటుంది. మంచివాళ్లు ఉంటారు. గుంటూరు మాట వచ్చి ఆదిలాబాద్ మాట అందనివాళ్లూ ఉంటారు.

అయితే ఇక్కడ ఒక కఠినమైన నియమం ఉంది. సాక్ష్యం అంటే అనువాదకుడు ఇంగ్లిష్‌లో చెప్పిందే. జ్యూరర్ తన చెవితో విన్న తెలుగు సాక్ష్యం కాదు. 1991లో 'హెర్నాండెజ్ వర్సెస్ న్యూయార్క్' కేసులో, అనువాదాన్నే అంగీకరిస్తారా అని అడిగితే తడబడ్డ స్పానిష్ వచ్చిన జ్యూరర్లను ప్రాసిక్యూటర్ తప్పించాడు. అది జాతి వివక్ష కాదని సుప్రీంకోర్టు సమర్థించింది. కాబట్టి ఎంపిక సమయంలో ఆ ప్రశ్న వస్తే తడబడకండి. అనువాదకుడి మాటనే సాక్ష్యంగా తీసుకుంటాను, ఎక్కడైనా తప్పు దొర్లిందనిపిస్తే జడ్జికి చీటీ రాస్తాను అని చెప్పండి. ఆ చీటీయే సరైన దారి. జ్యూరీని చూసుకునే కోర్టు ఉద్యోగి బెయిలిఫ్ చేతికి కాగితం ఇవ్వాలి. జడ్జి ఇరుపక్షాల లాయర్లను పిలిచి అనువాదాన్ని సరిచూస్తాడు. జ్యూరీ గదిలో కూర్చున్నాక 'అసలు ఆవిడ అన్నది అది కాదండీ' అని మిగతా పదకొండు మందికి అనువదించి పెడితే మొత్తం విచారణే రద్దయ్యే ప్రమాదం ఉంది. గూగుల్‌లో వెతికినా అంతే. ఆ ఒక్క చీటీ రాయగల మనిషి ఆ జ్యూరీలో లేకపోతే, 'వస్తా' అన్న మాట 'తిరిగొచ్చి నీ పని చెబుతా' అనే అర్థంతోనే రికార్డుకెక్కుతుంది.

ఈ కుర్చీ ఎవరికీ ఊరికే రాలేదు. పౌరసత్వం కోరిన పంజాబీ వలసదారు భగత్‌సింగ్ థిండ్ కేసులో 1923లో అమెరికా సుప్రీంకోర్టు భారతీయులు పౌరసత్వానికే అర్హులు కారంది. ఆ తలుపు మళ్లీ తెరుచుకున్నది 1946లో. టెక్సస్‌లోని జాక్సన్ కౌంటీలో 25 ఏళ్లలో సుమారు ఆరు వేల మంది జ్యూరర్లను పిలిస్తే వాళ్లలో మెక్సికన్ పేరున్నవాడు ఒక్కడూ లేడని లెక్క తీసి, 1954లో మెక్సికన్ అమెరికన్ లాయర్లు సుప్రీంకోర్టు దాకా వెళ్లి గెలిచారు. జ్యూరీలో తమవాళ్లు లేకపోతే ఏమవుతుందో వాళ్లకు తెలుసు. అదే టెక్సస్‌లో ఇవాళ మనకు పిలుపు ఇంటికొస్తుంటే పోస్టుపోన్ బటన్ కోసం వెతుక్కుంటున్నాం.

మనం ఇలా ఎందుకయ్యామో నాకు అర్థమవుతూనే ఉంది. కోర్టు గుమ్మం తొక్కకూడదనే భయం ఇంటి నుంచి మోసుకెళ్లినది. ఇండియాలో, భార్య ప్రియుణ్ని కాల్చిచంపిన నౌకాదళ అధికారి నానావతి కేసులో 1959లో జ్యూరీ ఎనిమిది మంది ఒకవైపు, ఒకరు ఒకవైపుగా నిర్దోషి అన్నప్పుడు హైకోర్టు దాన్ని పక్కనపెట్టింది. జ్యూరీ పద్ధతి వద్దని లా కమిషన్ అంతకు ముందే, 1958లోనే చెప్పింది. 1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌తో దానికి చోటే లేకుండా పోయింది. ఇప్పుడు పార్సీల వివాహ కోర్టుల్లో జడ్జితోపాటు కూర్చునే డెలిగేట్లుగా తప్ప మన దేశంలో జ్యూరీలా కూర్చుని తీర్పు చెప్పే అవకాశం సామాన్యుడికి లేదు. జ్యూరీని మళ్లీ తెమ్మని నేనడగను. మన ఊళ్లలో కులాల లెక్కలు తెలిసి ఆ మాట అనలేను.

కానీ సామాన్యుడు కోర్టుకు వెళ్లే దారి మరొకటి మిగిలింది. సాక్షిగా, పంచనామా మీద సంతకం పెట్టిన మధ్యవర్తిగా వెళ్లడం. అతనికి మన కోర్టుల్లో దొరికే మర్యాద ఏమిటి? నాలుగేళ్ల కిందట పెట్టిన సంతకానికి సమన్ వస్తుంది. పొద్దున పదింటికల్లా మండలం నుంచి బస్సెక్కి వచ్చి వరండాలో నిలబడతాడు. కోర్టు కానిస్టేబుల్ 'ఉండు' అంటాడు. సాయంత్రానికి లాయరు రాలేదనో, జడ్జి సెలవనో వాయిదా. బత్తా అడగడమే చాలామందికి తెలియదు. మూడో వాయిదాకు కూలి పోతుంది, అయిదో వాయిదాకు ఓపిక పోతుంది, ఆ తర్వాత బోనులో 'నాకు గుర్తులేదండి' అంటాడు. ఎదురు తిరిగిన సాక్షి అని రాసుకుంటారు. ఇందులో కొన్ని బెదిరింపుల వల్ల జరుగుతాయి, కొన్ని డబ్బు వల్ల. విసుగు వల్ల జరిగేవాటిని మాత్రం ఎవరూ లెక్కలోకి తీసుకోరు. సాక్షుల ఈ అవస్థను సుప్రీంకోర్టు 2000లోనే స్వరణ్‌సింగ్ కేసులో ఎత్తిచూపింది. సాక్షి హాజరై ఉండగా ప్రత్యేక కారణం రాతపూర్వకంగా నమోదు చేయకుండా వాయిదా వేయకూడదని పాత కోడ్‌లోనూ ఉంది, దాని స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత)లోనూ ఉంది.

అమెరికా జ్యూరీ ఆఫీసు నుంచి మన జిల్లా కోర్టులు నేర్చుకోవాల్సింది ఆ సాయంత్రపు కబురు. రేపు నీ అవసరం ఉందా లేదా అని ముందు రోజే చెప్పడం. ఈ-కోర్టుల వ్యవస్థ లాయర్లకు, కక్షిదారులకు వాయిదా తేదీలు ఎస్ఎంఎస్‌లో ఇప్పటికే పంపుతోంది. సమన్లు ఎలక్ట్రానిక్‌గా పంపడానికి బీఎన్‌ఎస్‌ఎస్ వీలు కల్పించింది. సాక్షి ఫోన్ నంబరు పోలీసుల దగ్గర ఎలాగూ ఉంటుంది. 'రేపు మీ కేసు పిలవరు, రావద్దు' అని తెలుగులో ఒక్క వాక్యం సాయంత్రం అయిదింటికి పంపడానికి అసెంబ్లీ కూర్చోనక్కర్లేదు. హైకోర్టు నుంచి ఒక సర్క్యులర్ చాలు.