గిరి పదవులన్నీ ఇందిర పెట్టిన భిక్షేనా? ఒక ఫార్వర్డ్‌కు జవాబు

తిరుపతి, రేణిగుంట రైల్వే కార్మికుల వాట్సాప్ గ్రూపుల్లో మాజీ రాష్ట్రపతి వి.వి. గిరి మీద ఒక పోస్టు తెగ తిరుగుతోంది. అందులోని ఆరోపణలు ఇవి: ఆయన ఏనాడూ జనం ఓటుతో గెలవలేదు. మన పాకాల లైన్లో యూనియన్ పెట్టి, పదవి రాగానే కార్మికులను వదిలేశాడు. 1969లో ఇందిరాగాంధీ చలవతో మన సీమ బిడ్డ నీలం సంజీవరెడ్డికి దక్కాల్సిన కుర్చీ కాజేశాడు. 1974 రైల్వే సమ్మెప్పుడు కార్మికుల పక్షాన నిలవలేదు. చివరిదాంట్లో పస ఉంది, దాని దగ్గరికి వస్తాం. మిగతావి రికార్డు ముందు నిలబడవు.

మొదట ఓటు సంగతి. 1937 ఎన్నికల్లో బొబ్బిలిలో గిరి ఓడించింది సాక్షాత్తూ బొబ్బిలి రాజాను. ఆ రాజా అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీకి ప్రధాని (ఇప్పటి లెక్కలో ముఖ్యమంత్రి), జస్టిస్ పార్టీ నాయకుడు. జమీందారును జమీందారీ గడ్డమీదే ఓడించి, గిరి రాజాజీ మంత్రివర్గంలో కార్మిక, పరిశ్రమల శాఖలు చేపట్టారు. 1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకు గెలిచారు. 1957లో పార్వతీపురంలో ఓడారు. అది ఇద్దరు సభ్యుల నియోజకవర్గం, ఒక సీటు ఎస్టీలకు రిజర్వు. ఓట్ల లెక్కలో రెండు సీట్లూ ఎస్టీ అభ్యర్థులకే వచ్చాయి. రిజర్వు సీటుకని నామినేషన్ వేసిన వ్యక్తి జనరల్ సీటు ఎలా తీసుకుంటారని గిరి సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. ఎక్కువ ఓట్లొస్తే జనరల్ సీటు కూడా ఎస్టీ అభ్యర్థిదేనని 1959లో కోర్టు తేల్చింది. మా దృష్టిలో ఆ తీర్పే న్యాయం. గిరిని విమర్శించదలిచినవాళ్లు ఈ కేసు ఎత్తాలి గానీ, గెలవనే లేదని రాయడం ఏమిటి?

ఇక యూనియన్. గిరి పనిచేసింది బెంగాల్ నాగపూర్ రైల్వేలో. ఆ కంపెనీ లైన్ దక్షిణాన వాల్తేరు (విశాఖ) దాకానే, చిత్తూరు జిల్లా ముఖం చూసింది లేదు. ఆయన పేరు నిలబెట్టిన ఖరగ్‌పూర్ పోరాటం 1927 నాటిది. 1928 జూలైలో మన పాకాల వైపు నడిచిన సౌత్ ఇండియన్ రైల్వేలో వర్క్‌షాపు కార్మికుల తొలగింపు మీద జరిగిన సమ్మె వేరు, దాని నాయకులు సింగారవేలు చెట్టియార్, ముకుందలాల్ సర్కార్. వాళ్లు అందుకోసం శిక్ష కూడా పడ్డవాళ్లు. ఏడాది తేడాతో జరిగిన రెంటినీ కలిపేస్తే ఆ ఇద్దరికీ అన్యాయం చేసినట్టే.

“పదవి రాగానే వదిలేశాడు” అన్నది మరీ దారుణం. 1954లో గిరి కేంద్ర కార్మిక మంత్రి. బ్యాంకు ఉద్యోగుల జీతాలపై లేబర్ అప్పిలేట్ ట్రిబ్యునల్ (కార్మిక వివాదాల అప్పీళ్లు వినే న్యాయస్థానం) ఇచ్చిన అవార్డును, అంటే తీర్పును, కేబినెట్ తగ్గించి సవరించింది. గిరి రాజీనామా ఇచ్చి బయటికొచ్చారు. దాంతో ప్రభుత్వం కమిషన్ వేయాల్సి వచ్చింది, 1955లో బ్యాంకు ఉద్యోగుల కోసం ప్రత్యేక చట్టమూ తేవాల్సి వచ్చింది.

ఆయన అసలు వారసత్వం “గిరి విధానం” అని పేరుపడ్డ పద్ధతి. 1947 పారిశ్రామిక వివాదాల చట్టం సెక్షన్ 10 కింద ప్రభుత్వం వివాదాన్ని ట్రిబ్యునల్‌కు పంపిందంటే, నడుస్తున్న సమ్మెను కూడా నిషేధించే అధికారం ప్రభుత్వానికి వచ్చేది. కేసు ఏళ్ల తరబడి సాగేది. గేటు దగ్గర మీటింగు పోయి వకీలు ఆఫీసు మిగిలేది, సభ్యులు చందా మానేసేవారు. అందుకే గిరి నిర్బంధ తీర్పులు వద్దన్నారు: ముందు ముఖాముఖి బేరం, కుదరకపోతే రాజీ యత్నం, అదీ కాకపోతే ఇరుపక్షాలూ ఒప్పుకున్న మధ్యవర్తి. 1952 నైనిటాల్ కార్మిక సదస్సులో దీనిమీద పెద్ద చర్చే నడిచింది. కాంగ్రెస్ అనుబంధ కార్మిక సంఘం ఐఎన్‌టీయూసీకి ఇది నచ్చలేదు, గిరి తర్వాత మంత్రి అయిన ఖండూభాయ్ దేశాయ్ ఆ సంఘం మనిషే. ఈ విధానంలో లోపమూ ఉంది. ఒకే షెడ్డులో నాలుగు యూనియన్లుంటే, యాజమాన్యం తనకు అనుకూలమైనదానితో సంతకం చేయించుకుని పోతుంది. గుర్తింపు యూనియన్‌ను రహస్య బ్యాలెట్‌తో తేల్చకుండా ముఖాముఖి బేరం బలహీనుడి మెడకే చుట్టుకుంటుంది.

ఇప్పుడు 1969. సంజీవరెడ్డి కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి, గిరి స్వతంత్రుడు. ప్రధాని ఇందిర తన పార్టీవాళ్లను ఎవరి ఆత్మప్రబోధం మేరకు వాళ్లు ఓటేయమన్న మాట నిజమే, అది లేకుండా గిరి గెలిచేవారు కారు. అయితే “కాజేశాడు” అనేవాళ్లు లెక్క చూడాలి. తొలి ప్రాధాన్య ఓట్లు: గిరికి 4,01,515, రెడ్డికి 3,13,548, సి.డి. దేశ్‌ముఖ్‌కు 1,12,769. గెలుపు కోటా 4,18,169, అది ఎవరికీ రాలేదు. చిన్న అభ్యర్థులు, దేశ్‌ముఖ్ తొలగిపోయాక వాళ్ల తర్వాతి ప్రాధాన్యాల్లో రెడ్డికి 91,879 కలిశాయి, గిరికి 18,562 మాత్రమే. దేశ్‌ముఖ్‌ను నిలిపిన స్వతంత్ర పార్టీ, జనసంఘ్‌ల రెండో ఓటు రెడ్డివైపు అంతగా ఒరిగింది. తుది లెక్క: గిరికి 4,20,077, రెడ్డికి 4,05,427. అప్పటి ఎంపీ ఓటు విలువ 576. పదముగ్గురు ఎంపీలు గిరిని వదిలి రెడ్డికి వేసి ఉంటే ఫలితం తారుమారయ్యేది. ఇంత హోరాహోరీగా తేలిన ఎన్నికను దొంగతనం అనడం ఓటేసినవాళ్లను అవమానించడమే. పైగా దీనిమీద కేసు పడితే, రాష్ట్రపతిగా ఉండగానే గిరి సుప్రీంకోర్టుకు వచ్చి సాక్ష్యం చెప్పారు. 1970లో కోర్టు పిటిషన్లు కొట్టేసింది. సంజీవరెడ్డి 1977లో పోటీ లేకుండా రాష్ట్రపతి అయ్యారు. సీమకు ఆ కుర్చీ దక్కకుండా ఏమీ పోలేదు.

మిగిలింది 1974. మే 8న మొదలైన సమ్మె 27న విరమించేదాకా వేలమందిని జైళ్లలో పెట్టారు, క్వార్టర్ల నుంచి కుటుంబాలను గెంటారు. సమ్మె నాయకుడు జార్జి ఫెర్నాండెజ్ అధ్యక్షుడుగా ఉన్న ఆలిండియా రైల్వేమెన్స్ ఫెడరేషన్, గిరి పునాది వేసినవాళ్లలో ఒకరైన సంస్థ. మంత్రిమండలి సలహా మేరకే రాష్ట్రపతి నడవాలన్నది రాజ్యాంగం, నిజమే. కానీ రాజీనామాకు ఎవరి సలహా అక్కర్లేదు. బ్యాంకు గుమస్తాల కోసం 1954లో పదవి వదిలిన మనిషి, రైల్వే కార్మికుల కోసం వదల్లేదు. అప్పటికి పదవీకాలం మూడు నెలలే మిగిలింది, ఆగస్టు 24 దాకా ఉండి దిగారు. ఆయన్ను అభిమానించే మాకు కూడా దీనికి సమాధానం దొరకదు. ఈ ముక్కను పోస్టులో ఉంచి, మిగతావి దిద్ది పంపండి.